హెలిగన్ తోటకి వెళ్ళేముందు

అమ్మడూ,

ఇంగ్లండులో నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ వెళ్తున్నాం, అక్కడి హెలిగన్ తోట కూడా చూస్తాం అన్నావు కదా. మీ అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్తున్నారు కాబట్టి కొన్ని సంగతులు ముందే చెప్తున్నాను.

లోపలికి వెళ్ళగానే చాలామంది జంగిల్ అనే భాగం వైపు పరుగెడతారు. మీరు ఆగండి. అది లోయ. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడే ఆవిడ మోకాళ్ళు మొరాయిస్తాయి. ముందు మెలన్ యార్డ్‌కి, అంటే కర్బూజాలవీ పెంచే ఆవరణకి, వెళ్ళండి. చూడాల్సిందంతా నా లెక్కన అక్కడే ఉంది.

అక్కడ అనాసపళ్ళు పండించే గుంట ఉంది. అద్దాల మూత, ఇటుక గోడలు, ఇరుపక్కలా కాలువల్లాంటి గోతుల నిండా పచ్చి గుర్రపు లద్దె. అది కుళ్ళుతుంటే పుట్టే వేడి గోడ కన్నాల్లోంచి లోపలికి పోయి మొక్కలకి తగులుతుంది. కరెంటూ లేదు, బాయిలరూ లేదు. ఆ చలిదేశంలో అనాస! మీ అత్తగారికి వ్యవసాయం తెలుసు కదా, అక్కణ్ణించి కదలరు చూడు. ఇక్కడ కాసిన పండొకటి 1997లో ఎలిజబెత్ రాణికి పంపారు.

ఆ యార్డులోనే తోటమాలుల మరుగుదొడ్డి ఉంది. థండర్‌బాక్స్ రూమ్ అంటారు. గోడ మీద వాళ్ళ పేర్లు, కింద '1914 ఆగస్టు' అని పెన్సిల్‌తో రాసి ఉంటాయి. అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధానికి వెళ్ళిన ఆ తోటమాలుల్లో చాలామంది తిరిగి రాలేదు. పనివాళ్ళు లేక తోట ముళ్ళకంపల పాలైంది. 1990లో టిమ్ స్మిట్ అనే ఆయన, తోట యజమానులైన ట్రెమేన్ వంశానికి చెందిన జాన్ విలిస్ కలిసి కంపలు నరుక్కుంటూ లోపలికి వెళ్తే ఇదంతా బయటపడింది. 1992లో జనానికి తెరిచారు. అక్షరాలు బాగా మాసిపోయాయి, కళ్ళజోడు మర్చిపోవద్దు.

యజమానుల బంగళా కోసం వెతక్కండి, దాన్ని ఎప్పుడో ఫ్లాట్లు చేసి అమ్మేశారు. ఇటాలియన్ గార్డెన్ ఫొటోలకి బాగుంటుంది, అంతే. ఏప్రిల్, మే నెలల్లో అయితే మాత్రం రోడోడెండ్రాన్లు విరగబూస్తాయి. మన హిమాలయాల చెట్లే అవి.

మధ్యాహ్నం పులిహోర తిని కాసేపు కూర్చున్నాక ఓపికుంటే జంగిల్‌కి దిగండి. అక్కడి తాళ్ళవంతెన మీదికి ఆవిణ్ణి ఎక్కించకు, మీ ఆయన్ని తోడుంచి నువ్వొక్కదానివే వెళ్ళిరా. వాన ఎప్పుడు పడుతుందో తెలీదు. గాలికి గొడుగు నిలవదు, రెయిన్‌కోట్లు, పట్టున్న బూట్లు వేసుకోండి. రైల్లో అయితే సెయింట్ ఆస్టెల్‌లో దిగి టాక్సీ పట్టుకోండి. తిరుగు బస్సుని నమ్ముకుని సాయంత్రం టెన్షన్ పడొద్దు.

మీ పెద్దమ్మ