అమ్మలూ, లెక్ససా ప్రాడోనా అన్నావట

అమ్మలూ,

లెక్సస్ జీఎక్స్ కొనాలా, టయోటా ప్రాడో కొనాలా అని మీ ఇద్దరూ తర్జనభర్జన పడుతున్నారని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. మస్కట్‌లో ఉన్నన్నాళ్లూ దొరల లెక్సస్‌లకి వెనక డోరు తీసి పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను. ఇప్పుడు అదే ఊళ్లో మన ఇంటి ఆడపిల్ల సొంత జీతంతో ఆ బండి తాళం అందుకోబోతోందంటే గుండె నిండిపోయింది. మీ పెద్దమ్మ అప్పుడే వీధిలో సగం మందికి చెప్పేసింది.

మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. బండి రాగానే పిల్లాణ్ణి వేసుకుని కొండల్లోకి, వాదుల్లోకి, అంటే వాన పడితేనే పారే ఆ ఎండు వాగుల్లోకి, క్యాంపింగులకి వెళ్తారట. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. వాయిస్ మెసేజ్ పెడితే సగం విని వదిలేస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు బండి సంగతి. ఆ రెండూ ఒక తల్లి బిడ్డలే. 2002లో మొదటి జీఎక్స్ వచ్చినప్పటి నుంచీ దాన్ని ప్రాడో ఛాసీ మీదే కడుతున్నారు. 2023లో రెండు నెలల తేడాతో బయటపెట్టిన కొత్త బళ్లూ అంతే, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెండింటికీ 2,850 మిల్లీమీటర్లే. ఇంజన్లు వేరు. జీఎక్స్ 550లో 3.4 లీటర్ల ట్విన్ టర్బో వి6, 349 హార్స్‌పవర్, పది గేర్లు. గల్ఫ్‌లో అమ్మే పెట్రోల్ ప్రాడోలో 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో, 280కి అటూ ఇటూ, ఎనిమిది గేర్లు. సమాయిల్ దాటి నిజ్వా వైపు ఎక్కుతున్నప్పుడు నిండు లోడుతో ఉన్నా జీఎక్స్‌కి కాలు ఆనిస్తే చాలు. లోపల కూర్చుంటే బయట గాలి చప్పుడు కూడా వినపడదు. ఆ సుఖం నిజమే, దాన్ని తక్కువ చేసి చెప్పను. నువ్వు రోజూ ఆఫీసుకీ, నెలకోసారి దుబాయికీ తిరిగేదానివైతే "కళ్లు మూసుకుని జీఎక్స్ తీసుకో తల్లీ" అనేవాణ్ణి.

కానీ నువ్వు వెళ్తానంటున్నది రాళ్లలోకి. అక్కడ నేను మొదట చూసేది టైరు, ఇంజన్ తరవాత. జీఎక్స్‌లో ఖరీదైన రకాలకి 22 అంగుళాల చక్రాలు వస్తాయి. షోరూం లైట్ల కింద చూడముచ్చటగా ఉంటాయి. 265/50 ఆర్22 అని రాసి ఉందంటే రిమ్ముకీ నేలకీ మధ్య రబ్బరు పదమూడు సెంటీమీటర్లు. రాళ్ల దారుల కోసం చేసిన ఓవర్‌ట్రైల్ రకానికి వచ్చే 265/70 ఆర్18లో ఆ రబ్బరు పద్దెనిమిదిన్నర. ఆ అయిదు సెంటీమీటర్లే నీకూ రాయికీ మధ్య ఉండేది. ఇసకలోకి దిగే ముందు గాలి పదిహేను, పద్దెనిమిది పీఎస్ఐకి తగ్గించాలి కదా, ఆ పక్క రబ్బరు (సైడ్‌వాల్) పొట్టిగా ఉన్న టైరుకి అంత తగ్గిస్తే రిమ్ము నేలకి కొట్టుకుంటుంది. అందుకని జీఎక్స్ మీదే మనసుంటే ఓవర్‌ట్రైల్ ఒక్కటే చూడు. దానికి వెనక డిఫరెన్షియల్ లాక్ ఉంది, ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందుతుంది. ఈ-కేడీఎస్ఎస్ అనే సస్పెన్షన్ కూడా ఉంది, ఎత్తుపల్లాల్లో చక్రం గాల్లోకి లేవకుండా అది కాస్తుంది. అయితే మొదట వచ్చిన ఓవర్‌ట్రైల్‌కి సీట్లు రెండు వరుసలే. చలికాలంలో మీ అమ్మా నాన్నా విజిట్ వీసా మీద వస్తారు, మీ అత్తగారూ వస్తారు. వాళ్లనెక్కడ కూర్చోబెడతావు?

ఇంకొకటి, దీన్ని ఏ పుస్తకంలోనూ రాయరు. వాది బనీ ఔఫ్ దారిలో ఒకవైపు తుమ్మ ముళ్లు, ఒకవైపు లోయ. ఎదురుగా బండి వస్తే ముళ్లవైపు జరగాలి. కొత్త లెక్సస్ తోలేవాళ్లు రంగు గీసుకుపోతుందని తెలియకుండానే లోయవైపు జరుగుతారు. నేను పక్క సీట్లో కూర్చుని చూశాను, స్టీరింగ్ పట్టుకున్న చేయి దానంతటదే అటు తిరుగుతుంది. ఎంత డబ్బు పోసి కొన్న బండైతే అంత లోయవైపు. అందుకే నా ఓటు ప్రాడోకి, 18 అంగుళాల చక్రాలున్నదానికి. వెనక లాక్ ఏ రకంలో ఉందో నీ నోటితో అడిగి తెలుసుకో. మిగిలిన డబ్బుతో మంచి ఆల్ టెర్రెయిన్ టైర్లు, కంప్రెసరు, లాగే తాడు, ఇసక పలకలు కొను.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని నీకు చెప్పమని మీ నాన్నే అన్నాడు, తన నోటితో చెప్పలేనన్నాడు.

1998లో నీకు మూడో ఏడు నడుస్తోంది. మీ నాన్న అప్పుడు మస్కట్‌లో సైట్ సూపర్‌వైజరు. కంపెనీ వాళ్లు వాడికి ప్రాడో ఇచ్చారు. మనవాళ్లలో అలాంటి బండి చేతికొచ్చిన మొదటివాడు వాడే. సెలవు రోజు అందరం సూర్ బయలుదేరాం. ఖురియాత్ నుంచి సూర్ వెళ్లే తీరపు దారి అప్పటికింకా మట్టి రోడ్డే. వాడూ మీ అమ్మా నువ్వూ ప్రాడోలో, నేనూ మరో కుటుంబం వెనక హైలక్స్ పికప్‌లో. తీవీ అనే ఊరు దాటాక ఒక వాది అడ్డం వచ్చింది. పైన ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎక్కడో కొండల్లో వాన పడినట్టుంది, ఎర్రటి నీళ్లు వస్తున్నాయి. మోకాలి లోతు ఉంటాయేమో. అవతలి గట్టున ఇద్దరు ఒమానీ ముసలాళ్లు చేతులు అడ్డంగా ఊపుతున్నారు. నేను హారన్ కొట్టాను. మీ నాన్న చేయి బయటికి పెట్టి "ప్రాడో అన్నయ్యా, పోద్ది" అని అరిచి దింపేశాడు.

సగం దాకా బాగానే వెళ్లింది. అక్కడ వెనక భాగం తేలింది. ఆ క్షణం నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది: వెనక చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, బండి మాత్రం పక్కకి, సముద్రం వైపుకి, మెల్లగా జరుగుతోంది. ఇంజన్ ఆగలేదు, ఫోర్ వీల్ పనిచేస్తూనే ఉంది. చక్రం కింద నేల లేకపోతే నాలుగు చక్రాల బలం ఏం చేస్తుంది? ఇరవై గజాల కింద ఒక బండరాయికి ఆనుకుని ఆగింది. నీళ్లు డోరు సగానికి వచ్చేశాయి, తెరుచుకోలేదు. ఊరివాళ్లు పడవ తాడు తెచ్చి నడుముకి కట్టుకుని దిగారు. మీ అమ్మ కిటికీలోంచి నిన్ను అందించింది. నువ్వు ఏడవలేదు, చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు గట్టిగా పట్టుకునే ఉన్నావు. తరవాత మీ అమ్మ. చివర మీ నాన్న. వాడు గట్టెక్కిన కొద్దిసేపటికి నీళ్లు ఇంకో మనిషెత్తు పెరిగాయి, బండి కనపడకుండా పోయింది.

మీ నాన్నని ఆ రోజు నేను చాలా మాటలన్నాను. ఆ ముసలాళ్లలో ఒకాయన నన్ను ఆపి, వాడి భుజం మీద తువ్వాలు కప్పాడు. వరదల్లో అప్పనపల్లి కాజ్‌వే మీద జానెడు నీళ్లుంటే చాలు, మీ నాన్న బండి తిప్పేస్తాడని నువ్వు విసుక్కుంటావు చూడు, ఇదీ కారణం. వాణ్ణి ఇక దాని గురించి ఏమీ అడక్కు.

కంపెనీ వాళ్లు కాగితం మీద 700 మిల్లీమీటర్ల నీళ్లలో పోతుందని రాస్తారు. అది నిలవ నీళ్ల లెక్క. పారే నీళ్లు రెండడుగులుంటే ప్రాడోని ఎత్తేస్తాయి, జీఎక్స్‌నీ ఎత్తేస్తాయి. 2024 ఏప్రిల్లో సమద్ అల్ షాన్ దగ్గర స్కూలు పిల్లలున్న బండి వాదిలో కొట్టుకుపోయిన వార్త నువ్వూ చూశావు. ఆ రోజు నేను టీవీ కట్టేసి బయట కూర్చున్నాను. పారుతున్న వాదిలోకి బండి దింపితే ఒమాన్ పోలీసులు జైల్లో కూడా పెడతారు, పెట్టాలి కూడా. నీళ్లు పారుతుంటే దిగకు. అవతలి గట్టున ఎవరైనా చేయి ఊపుతుంటే ఆగిపో. వాది మధ్యలో టెంటు వేయకు, ఎంత నున్నటి ఇసక కనిపించినా సరే. కొండల్లో వాన ఉందో లేదో చూసుకోకుండా గుమ్మం దాటకు. దీన్ని మీ ఆయనకి కూడా చదివి వినిపించు. నాకు మాటివ్వాలి ఇద్దరూ.

మిగిలినవి చిన్నవే. ఒంటరి బండితో ఇసకలోకి వెళ్లకండి. బర్ అల్ హిక్మాన్ వైపు వెళ్తే సబ్ఖా అనే ఉప్పు నేల మీద పాత టైరు గుర్తుల్లోనే వెళ్లండి, పక్కకి దిగకండి, పైన ఉప్పు పెచ్చు గట్టిగా కనిపిస్తుంది, కింద బురద. జబల్ అఖ్దర్ కొండ దిగేటప్పుడు తక్కువ గేరులో పెట్టు, బ్రేకు తొక్కుతూ దిగితే కాలిపోతుంది. ఆదం దాటాక సలాలా రోడ్డులో చీకటి పడ్డాక తోలొద్దు, ఒంటెలు. ఇన్సూరెన్సులో ఆఫ్ రోడ్ కవర్ ఉందో లేదో కాగితంలో చూపించమను, దుబాయికి వెళ్తే అక్కడ చెల్లే ఇన్సూరెన్సు కాగితం, ఆరెంజ్ కార్డు కూడా. సెకండ్ హ్యాండ్ చూస్తే జీసీసీ స్పెక్, అంటే గల్ఫ్ దేశాల కోసం తయారైన బండి మాత్రమే. అమెరికా నుంచి దిగిన బళ్లలో వరదలో మునిగినవీ ఉంటాయి. ఆ వి6 ఇంజన్ కుటుంబానికే చెందిన టయోటా టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ బళ్లని ఇంజన్ లోపల లోహపు రజను మిగిలిపోయిందని 2024లో అమెరికాలో వెనక్కి పిలిచారు. అందుకని ఏ జీఎక్స్ చూసినా ఛాసీ నంబరు ఇచ్చి రీకాల్ ఉందేమో షోరూంలో అడుగు. రంగు తెల్లదే తీసుకో, ఆ ఎండకి.

ఇన్ని చెప్పాను కదా అని భయపడి మానుకోవద్దు. నీ కొడుక్కి ఆ కొండలు చూపించు, రాత్రి పూట ఆ చుక్కలు చూపించు. మీ నాన్న ఆ తరవాత నిన్ను ఎక్కడికీ తీసుకెళ్లలేకపోయాడు, అది కూడా నాకు బాధే. ఆఖరికి జీఎక్సే నచ్చితే, నీ కష్టార్జితం, కొనుక్కో. నేను వచ్చినప్పుడు ముందు సీట్లో కూర్చుంటాను.

శనివారం షోరూంకి వెళ్తే రెండు బళ్లలోనూ వెనక వరుసలో నువ్వే ఎక్కి కూర్చో, మీ అమ్మ మోకాళ్లు పడతాయో లేదో తెలుస్తుంది. టైరు పక్కన రాసిన నంబర్లు ఫోటో తీసి నాకు పంపు. అడ్వాన్సు మాత్రం నేను ఫోన్ చేశాకే కట్టు.

మీ పెదనాన్న