ఏడు నెలలైనా గడ్డానికి స్పర్శ రాలేదు, మళ్లీ ఆపరేషన్ చేయించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 28 ఏళ్లు, ఉండేది కూకట్‌పల్లిలో. గడ్డం లోపలికి ఉందని 7 నెలల కింద సిలికాన్ ఇంప్లాంట్ పెట్టించుకున్నాను. ఎడమవైపు బాగానే ఉంది, కుడివైపు పెదవి, గడ్డం మొద్దుబారే ఉన్నాయి. షేవింగ్‌లో తెగినా తెలియట్లేదు, తువ్వాలుకి రక్తం అంటితే చూసుకుంటున్నాను. ఆపరేషన్ చేసిన డాక్టర్ ‘ఆగండి, అదే తగ్గుతుంది’ అంటున్నారు. తీయించేయాలా, మార్పించాలా? ఇంట్లో అమ్మకి కూడా చెప్పలేదు, ఒకటే టెన్షన్.

జవాబు: మొదటి మూణ్ణాలుగు నెలల్లో అయితే నేనూ ఆగమనే చెప్పేవాణ్ని. ఏడు నెలలైనా ఒకవైపే స్పర్శ లేదంటే మాత్రం కారణం వెతకాలి.

కింది దవడలో, కోరపన్ను వెనకున్న చిన్న దవడపళ్ల వేళ్ల కింద, రెండువైపులా ఒక్కో సన్నని రంధ్రం ఉంటుంది. అందులోంచి బయటికొచ్చే మెంటల్ నరమే కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిస్తుంది. (పేరు చూసి కంగారుపడకండి, లాటిన్‌లో గడ్డాన్ని మెంటమ్ అంటారు.) ఇంప్లాంట్ రెక్కలు, అంటే రెండు పక్కలా సన్నగా సాగే దాని చివరలు, సరిగ్గా దాని కిందుగానే వెళ్తాయి. ఆపరేషన్‌లో నరం సాగి ఉంటే మెల్లగా కోలుకుంటుంది, దెబ్బతిన్న నరం పెరిగేది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరే. కానీ రెక్క పైకి జరిగి నరాన్ని నొక్కుతుంటే, ఆ ఒత్తిడి తీసేదాకా ఎన్నాళ్లు ఆగినా లాభం ఉండదు.

అందుకే ముందు సీటీ స్కాన్ గానీ, సీబీసీటీ (పళ్లు, దవడల కోసం తీసే త్రీడీ ఎక్స్‌రే స్కాన్) గానీ తీయించండి. రెక్క నరం మీదే ఉందని తేలితే దాన్ని కిందికి దించొచ్చు, కత్తిరించొచ్చు, లేదా చిన్న సైజు పెట్టి స్క్రూతో బిగించొచ్చు. పూర్తిగా తీసేయడం సిలికాన్‌తో పెద్ద కష్టం కాదు గానీ, సాగిన చర్మం, కండ కిందికి జారే ప్రమాదం ఉంది. మీ ఎముకనే కోసి ముందుకి జరిపే పద్ధతి కూడా ఉంది, అయితే దాంట్లోనూ ఇదే నరానికి ముప్పు. స్కాన్‌లో రెక్క నరానికి దూరంగా ఉంటే ఇంప్లాంట్ మార్చినంత మాత్రాన స్పర్శ రాదు, పైగా బాగున్న ఎడమవైపు కూడా దెబ్బతినొచ్చు, దయచేసి తొందరపడకండి. నరం తెగిందని అనుమానం వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు, మైక్రోసర్జరీతో (మైక్రోస్కోప్‌లో చూస్తూ చేసే ఆపరేషన్‌తో) కలపడం ఎంత త్వరగా జరిగితే అంత మేలు.

ఒక పని ఇంట్లోనే చేయండి. కళ్లు మూసుకుని దూది పింజతో మెల్లగా తాకిస్తూ, తెలియని చోటల్లా పెన్నుతో గీత గీయించి ఫోటో తీసుకోండి, నెలకోసారి పోల్చి చూడండి. ఆ గీత కుంచించుకుపోతున్నా, జివ్వుమంటున్నా, చీమలు పాకినట్టున్నా నరం మేలుకుంటోందనే అర్థం. గీత గీయడానికి ఎలాగూ ఇంకో మనిషి కావాలి, అమ్మకి చెప్పేయండి బాబూ.

ఆపరేషన్ నోట్స్ అడిగి తీసుకోండి, ఇంప్లాంట్ సైజు ఎంతో, నోట్లోంచి పెట్టారో గడ్డం కిందనుంచి పెట్టారో అందులో ఉంటుంది. అవి పట్టుకుని మాక్సిల్లోఫేషియల్ (దవడ, ముఖ) సర్జన్ దగ్గరికో, నిమ్స్, ఉస్మానియాల్లోని ప్లాస్టిక్ సర్జరీ విభాగానికో వెళ్లి రెండో అభిప్రాయం తీసుకోండి. అప్పటిదాకా బ్లేడు పక్కన పెట్టి ట్రిమ్మర్ వాడండి, చాయ్ వేడి ఎడమవైపు పెదవితోనే చూసుకోండి. వాపు, చీము, జ్వరం ఏది కనిపించినా మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.