బిల్డర్ పని ఆపేశాడు, ఈఎంఐ కూడా ఆపేయమంటారా?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో 80 లక్షలకు ఫ్లాట్ బుక్ చేశాను. 60 లక్షల హోమ్‌లోన్‌లో 45 లక్షలు ఇప్పటికే బిల్డర్‌కు వెళ్లిపోయాయి. మార్కెట్ పడిపోయింది, ఫ్లాట్లు అమ్ముడుపోవడం లేదంటూ రెండేళ్లుగా పని ఆపేశాడు. ఒకపక్క ఇంటద్దె, ఇంకోపక్క ఈఎంఐ. ఈఎంఐ ఆపేసి కేసు వేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కేసు వేయండి, ఈఎంఐ మాత్రం ఆపకండి. బ్యాంకు దృష్టిలో అప్పు తీసుకున్నది మీరే. బిల్డర్ ఇల్లు కట్టాడా లేదా అన్నది వాళ్లకు అనవసరం. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏలో (మొండి బకాయిల్లో) పడుతుంది, సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది, బిల్డర్‌కేమో వెంట్రుకంత నష్టం ఉండదు.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. మిగతా 15 లక్షలు నా రాతపూర్వక అనుమతి లేకుండా ఇవ్వొద్దని, సైట్ ఫొటోలు జతచేసి బ్యాంకుకు లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇక రెరా, అంటే ఇళ్లు కొనేవాళ్లకు రక్షణగా ఉన్న రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం. బ్యాంకు లోన్ ఇచ్చిందంటే ప్రాజెక్టుకు రెరా నంబర్ ఉండే ఉంటుంది. చెప్పిన గడువుకు ఇవ్వకపోతే 18వ సెక్షన్ కింద మీకు రెండు దారులు: కట్టిందంతా వడ్డీతో వెనక్కి అడగడం, లేదా ఫ్లాట్ ఉంచుకుని ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ అడగడం. తెలంగాణలో ఆ వడ్డీ ఎస్‌బీఐ ఎంసీఎల్‌ఆర్ (అప్పులకు ఆధారంగా బ్యాంకు పెట్టుకునే వడ్డీ రేటు) మీద 2 శాతం ఎక్కువ. వినడానికి రీఫండే బాగుంటుంది, చాలామంది దానికే ఎగబడతారు. కానీ ఆర్డర్ వచ్చినా బిల్డర్ కట్టకపోతే భూమిశిస్తు బకాయిలాగా కలెక్టర్ ద్వారా వసూలు చేయించుకోవాలి, దానికి ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. అసలు అతని దగ్గర డబ్బుంటే పని ఎందుకు ఆగుతుంది?

అందుకే ముందు సైట్‌కెళ్లి చూడండి. పునాదుల దగ్గరే ఆగిపోయినా, స్థలం మీద కోర్టు గొడవలున్నా రీఫండే అడగండి. స్లాబులన్నీ పడి గోడలు, లిఫ్టు, కరెంటు పనులే మిగిలితే మాత్రం నా ఓటు పూర్తి చేయించుకోవడానికే. కొన్నవాళ్లంతా సంఘంగా రిజిస్టర్ అవ్వండి. ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ గడువు ముగిసినా, రద్దయినా మిగతా పని చేపట్టే మొదటి హక్కు 8వ సెక్షన్ ప్రకారం ఆ సంఘానిదే. డబ్బెక్కడిదంటారా, మీ 15 లక్షల్లాంటి బాకీలు అందరివీ కలిపి, వాటికి అమ్ముడుపోని ఫ్లాట్ల విలువ కలిపి లెక్కేయండి. చాలా ప్రాజెక్టుల్లో మిగతా పనికి కావాల్సింది దాదాపు అక్కడే దొరుకుతుంది, దొరకకపోతే అదీ ముందే తెలుస్తుంది.

ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్‌కు) లాగుదాం అనేవాళ్లు మీ గ్రూపులోనూ ఉంటారు. దానికి కనీసం 100 మంది కొనుగోలుదారులో, మొత్తంలో పదోవంతో కలిసి రావాలి. పైగా అక్కడ కేసు స్వీకరించగానే మారటోరియం (బిల్డర్ మీద వసూళ్లు, కేసులకు తాత్కాలిక నిలుపుదల) వచ్చి రెరా వసూళ్లు కూడా ఆగుతాయి, కాబట్టి నేనైతే తొందరపడను. బిల్డర్‌కు అప్పిచ్చిన బ్యాంకే అక్కడికి లాగితే, క్లెయిములు వేయమనే ప్రకటన రాగానే ఇళ్లు కొన్నవాళ్లకు ఉద్దేశించిన ఫారమ్ సీఏలో మీ క్లెయిమ్ వేసేయండి.

పన్ను సంగతి కూడా చూసుకోండి. పాత ఆదాయపన్ను విధానంలో ఉంటే, లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలో ఇల్లు పూర్తికాకపోతే, మీరు ఉండబోయే ఇంటికి వడ్డీ మినహాయింపు 2 లక్షల నుంచి 30 వేలకు పడిపోతుంది.

అద్దె, ఈఎంఐ కలిసి మరీ బిగుతుగా ఉంటే, ఇల్లు చేతికొచ్చేదాకా వడ్డీ మాత్రమే కట్టేలా మార్చమనో, కాలపరిమితి పెంచమనో బ్యాంకును అడగండి. ఈఎంఐ కట్టడానికి పర్సనల్ లోన్ మాత్రం తీసుకోకండి.