లుబుంటు అప్‌గ్రేడ్ వద్దు, పక్కన ఇంకొకటి వేసుకోండి

4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో లుబుంటు 22.04 (తేలికపాటి లినక్స్ ఓఎస్) బాగానే నడుస్తోంది, సపోర్ట్ మాత్రం 2025 ఏప్రిల్‌తో అయిపోయింది, 24.04కి అప్‌గ్రేడ్ చేసేయాలా అని అడిగారు. చేయకండి, అన్నా. దాన్ని అలాగే ఉంచి అదే డిస్క్‌లో పక్కన ఎంఎక్స్ లినక్స్ 23 అనే ఇంకో లినక్స్ ఓఎస్ వేసుకోండి. తిరుపతిలో మా జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్‌లో ఇదే పద్ధతి. మాదీ 4 జీబీనే, పాత హార్డ్ డిస్కే.

అప్‌గ్రేడ్ మొదలుపెట్టాక వెనక్కి రావడం కష్టం. మధ్యలో కరెంటు పోయినా, పాత ప్రింటర్ డ్రైవర్ కొత్తదాంట్లో పనిచేయకపోయినా ఆ రోజు పని ఆగినట్టే. దర్శనం టికెట్లు విడుదలయ్యే పూట, ఈఏపీసెట్ అప్లికేషన్ల చివరి రోజు, కౌంటర్ ముందు పిల్లలు నిలబడి ఉంటే ఆ టెన్షన్ మనవల్ల కాదు. రెండుంటే ఒకటి మొరాయించినా రీస్టార్ట్ చేసి రెండోదాంట్లోకి వెళ్లిపోవచ్చు.

మేం చెరో 30 జీబీ ఇచ్చి, మిగతాదంతా డేటాకు ఒకే పార్టిషన్‌గా (డిస్క్‌లో విడి భాగంగా) ఉంచాం. హోమ్ ఫోల్డర్ (యూజర్ సెట్టింగ్స్ ఉండే చోటు) మాత్రం రెండింటికీ కలపకండి. లుబుంటు డెస్క్‌టాప్ ఎల్ఎక్స్‌క్యూటీ, ఎంఎక్స్‌లో మేం వాడేది ఎక్స్‌ఎఫ్‌సీఈ, సెట్టింగ్స్ కలగాపులగం అవుతాయి. కొత్త ఫైర్‌ఫాక్స్‌లో వాడిన ప్రొఫైల్‌ను పాతది తెరవనే తెరవదు. డేటా ఫైళ్లకు పర్మిషన్ గొడవ రాదు, రెండింటిలోనూ మొదటి యూజర్ నంబరు 1000 కాబట్టి.

స్వాప్ పార్టిషన్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) రెండింటికీ ఒకటే పెట్టుకోవచ్చు, కానీ ఇక్కడ ఒక చిక్కుంది. రెండోది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్వాప్‌ను ఫార్మాట్ చేస్తే దాని యూయూఐడీ, అంటే గుర్తింపు నంబరు, మారిపోతుంది. తర్వాత లుబుంటు ఆన్ చేస్తే పాత స్వాప్ కోసం నిమిషంన్నర అలా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. చెడిపోయిందని కంగారుపడకండి. టెర్మినల్‌లో బీఎల్‌కేఐడీ (blkid) కమాండ్ ఇచ్చి కొత్త నంబరు చూసి, బూట్‌లో ఏ పార్టిషన్లు వాడాలో రాసుండే లుబుంటు ఎఫ్ఎస్‌ట్యాబ్ (/etc/fstab) ఫైల్లో పాతదాని బదులు పెడితే చాలు. ఒకదాన్ని హైబర్నేట్ చేసి (తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి ఆపేసి) రెండోది తెరవడం మాత్రం ఎప్పుడూ చేయకండి, స్వాప్‌లో దాచిన సెషన్ పోతుంది.

ఆన్ చేయగానే ఏ ఓఎస్ కావాలో అడిగే మెనూ గ్రబ్. అది ఒకదాని చేతిలోనే ఉండాలి, మాకు ఎంఎక్స్ చేతిలో ఉంది. గ్రబ్ 2.06 నుంచి డిస్క్‌లో వేరే ఓఎస్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. మెనూలో లుబుంటు కనబడకపోతే అది ఆన్ చేసి అప్‌డేట్ గ్రబ్ (update-grub) కమాండ్ కొట్టండి. లుబుంటులో కొత్త కెర్నల్ (ఓఎస్ ముఖ్యభాగం) వచ్చినప్పుడూ ఎంఎక్స్‌లోకి వచ్చి మళ్లీ కొట్టాలి.

పేమెంట్లు, బ్యాంకు పనులు ఎంఎక్స్‌లోనే చేయండి. దానికి అడుగునున్న డెబియన్ 12కు 2028 జూన్ దాకా ఎల్‌టీఎస్, అంటే దీర్ఘకాల సపోర్ట్, ఉంది. పైగా లుబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వస్తుంది, హార్డ్ డిస్క్ మీద మొదటిసారి తెరవడానికి ప్రాణం తీస్తుంది. ఎంఎక్స్‌లో ఆ బాధ లేదు. లుబుంటును ప్రింటింగుకు, తెలుగు డీటీపీకి ఉంచుకున్నాం. రేపు కొత్తది కావాలంటే లుబుంటు ఉన్న 30 జీబీనే తుడిచి అక్కడ వేస్తాం, ఎంఎక్స్ పని నడుస్తూనే ఉంటుంది.

డిస్క్ ఎంతో మీరు రాయలేదు. 128 జీబీ అయినా సరిపోతుంది. డేటా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే ఓఎస్ నడిపేది) బూట్ చేసి, చార్జర్ పెట్టే జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్‌లో పార్టిషన్ తగ్గించండి. 64 జీబీ లోపైతే ఇరికించొద్దు. ఎంఎక్స్‌ను పర్సిస్టెన్స్ పెట్టి పెన్‌డ్రైవ్ మీంచే నడపండి, సెట్టింగ్స్, ఫైళ్లు అందులోనే సేవ్ అవుతాయి.