బీట్ అమ్మి బోణీ చేసిన అబ్బాయి: బీటెక్ మానేయనివ్వాలా?

ప్రశ్న: మాది తెనాలి. బట్టల కొట్టు ఉంది. మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. రాత్రి రెండింటి దాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటున్నాడు. హిప్‌హాప్ ప్రొడ్యూసర్ అవుతాడట, సొంతంగా లేబుల్ (పాటలు విడుదల చేసే సంస్థ) పెడతాడట. ఈమధ్య అమెరికాలో ఎవరికో ఒక బీట్ (ర్యాప్ పాట వెనక మోగే సంగీతం) అమ్మితే 40 డాలర్లు వచ్చాయి. స్నేహితుడి అన్నయ్య ఖాతాలో వేయించుకున్నాడు. అప్పటి నుంచి బీటెక్ వద్దంటున్నాడు, సామానుకి లక్షా ఎనభై వేలు అడుగుతున్నాడు. ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కదా, వీడి దగ్గర డబ్బెక్కడిది? అసలు ఇదొక పనేనా? టెన్షన్‌తో వాళ్ళమ్మ సరిగా తినడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారం అండీ. మీ ఉత్తరంలో నా కన్ను ముందుగా ఆగింది ఆ 40 డాలర్ల దగ్గర. మొత్తం చిన్నదే. కానీ ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో, తెనాలిలో కూర్చున్న కుర్రాడు చేసిన సరుకు విని, నచ్చి, జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాడు. మీరు కొట్టు తెరిచిన రోజు మొదటి బోణీ ఎవరు చేశారో మీకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఇది మీ అబ్బాయి బోణీ. దాన్ని తక్కువ చేసి మాట్లాడకండి. అయితే బోణీ అయినంత మాత్రాన కొట్టు నిలబడదని వాడికంటే మీకే బాగా తెలుసు. వాడికి మీరు నేర్పగలిగింది కూడా అక్కడే ఉంది.

ముందు ఆ మాట సంగతి. మన సినిమా భాషలో ప్రొడ్యూసర్ అంటే పెట్టుబడి పెట్టే నిర్మాత. హిప్‌హాప్‌లో ర్యాపర్ (తాళానికి తగ్గట్టు మాటలు పలికే గాయకుడు) గొంతు కింద నడిచే సంగీతమంతా తయారుచేసే మనిషిని ప్రొడ్యూసర్ అంటారు. డ్రమ్స్, బేస్, కీబోర్డు, మధ్యలో తొంగిచూసే పాత పాట ముక్క, అన్నీ అతని పనే. మ్యూజిక్ డైరెక్టరూ ప్రోగ్రామరూ ఒక్కడే అయినట్టు అనుకోండి. 1973 ఆగస్టులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ తన చెల్లెలు పెట్టిన పార్టీలో, పాటలో డ్రమ్స్ మాత్రమే మోగే చిన్న ముక్కని రెండు టర్న్‌టేబుళ్ల మీద ఆగకుండా తిప్పాడు. హిప్‌హాప్ పుట్టుక కథ అక్కడి నుంచే చెబుతారు. మీ అబ్బాయి రాత్రిళ్లు చేసేది ఆ పనికి ల్యాప్‌టాప్ రూపం. సొంత లేబుల్ పెట్టుకుని ఇండిపెండెంట్‌గా పనిచేయడమంటే జీతం ఇచ్చే కంపెనీ లేదు. ఖర్చు తనదే, నష్టం తనదే, చేసిన పాట మీద హక్కు కూడా తనదే.

ఇలా బతికినవాళ్లు ఉన్నారా అంటే ఉన్నారు. మీ అబ్బాయికి నేను చూపించాలనుకునే మనిషి నైంత్ వండర్. అసలు పేరు ప్యాట్రిక్ డౌథిట్, అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం. అక్కడి డర్హమ్ ఊళ్లో కాలేజీలో చదువుతుండగా కలిసిన ఇద్దరు స్నేహితులతో లిటిల్ బ్రదర్ అనే బృందం కట్టాడు. వాళ్ల మొదటి ఆల్బమ్ 2003లో వచ్చింది. అప్పట్లో పేరున్న ప్రొడ్యూసర్లంతా ఖరీదైన యంత్రాల మీద పనిచేస్తుంటే ఇతను ఫ్రూటీ లూప్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడాడు. ఇవాళ ఎఫ్‌ఎల్ స్టూడియో అంటున్నది దాన్నే. బహుశా మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లోనూ అదే ఉండి ఉంటుంది. అది ఆటబొమ్మ అని వెక్కిరించినవాళ్లున్నారు. ఆ 2003 చివర్లోనే పేరున్న ర్యాపర్ జే-జీ ఆల్బమ్‌లో అతని బీట్ ఉంది. 2017లో ఇంకో పెద్ద ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌లో చివరి పాట బీట్ కూడా అతనిదే. ఆ ఆల్బమ్‌కి మరుసటి ఏడాది సంగీతంలో పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఇంత పేరొచ్చాక కూడా అతను నార్త్ కరోలినా వదల్లేదు. అక్కడే జామ్లా అని సొంత లేబుల్ పెట్టుకున్నాడు. రాప్సడీ అనే ర్యాపర్ అమ్మాయితో ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆమె ఆల్బమ్ గ్రామీల్లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ పోటీ దాకా వెళ్లింది. ఇంకోవైపు డ్యూక్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు, హార్వర్డ్‌లో ఫెలోగా ఉన్నాడు. బీట్లు, లేబుల్, పాఠాలు: ఒక్క ఆదాయం మీద ఆధారపడలేదు. ఈ రంగంలో నిలబడినవాళ్లలో నేను మళ్లీ మళ్లీ చూసే లక్షణం ఇదే. ఇంకో సంగతి గమనించండి. అతనికి తోడు దొరికింది కాలేజీలో. ఒంటరిగా గదిలో బీట్లు చేసే పిల్లలకి అన్నిటికంటే కరువు కలిసి పనిచేసే మనుషులకే. చదువు మానేస్తానన్న మీవాడికి ఈ ముక్క గట్టిగా చెప్పండి.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే 2024లో హనుమాన్‌కైండ్ అనే మన దేశపు ర్యాపర్ పాట ఒకటి అమెరికాలో వారం వారం వచ్చే వంద పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లోకి వెళ్లింది. దాని ప్రొడ్యూసర్ కల్మి హైదరాబాద్ మనిషి. పాట మీద ర్యాపర్ పేరు పక్కనే ప్రొడ్యూసర్ పేరు కూడా వేశారు. ఇవన్నీ చూసి మీవాడు కలలు కంటే తప్పు పట్టలేం. కానీ ఇలాంటి ఒక్కొక్కరి వెనక పేరు తెలియనివాళ్లు వేలమంది ఉంటారు, నేను వాళ్ల తల్లిదండ్రులతోనూ మాట్లాడుతుంటాను. వాళ్లలో చాలామందికి లోటు వచ్చింది ప్రతిభలో కాదు, కాగితంలో.

నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి సంగతి చెబుతాను. బీటెక్ చదువుతూ బీట్లు చేసేవాడు. ఒక చిన్న ఆడియో సంస్థ వాట్సాప్‌లో మాట్లాడి, అయిదు వేలు పంపి, అతని బీట్ తీసుకుంది. పాట బాగా ఆడింది. ఎక్కడా అతని పేరు లేదు. అడిగితే ‘అప్పుడే కొనేశాం కదా’ అన్నారు. ఏం కొన్నారో, ఎంతకాలానికి కొన్నారో ఎక్కడా రాసి లేదు. లాయర్ దగ్గరికి వెళ్లే ఓపిక అతనికి లేకపోయింది. ఆ అబ్బాయి నా ఎదురుగా కూర్చుని ఏడ్చిన రోజు నేను మర్చిపోలేదు. అందుకే ఈ విషయం కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

బీట్ రెండు రకాలుగా అమ్ముతారు. లీజు అంటే ఇల్లు అద్దెకిచ్చినట్టు. ఒకే బీట్‌ని ఇరవైమందికి ఇవ్వొచ్చు, సాధారణంగా 20 నుంచి 50 డాలర్లు పలుకుతుంది, హక్కు మీవాడి దగ్గరే ఉంటుంది. ఎక్స్‌క్లూజివ్ అంటే దాదాపు రిజిస్ట్రేషన్ చేసి అమ్మేసినట్టు. ఇక దాన్ని ఇంకెవరికీ ఇవ్వకూడదు, ధర కూడా దానికి తగ్గట్టు ఉండాలి. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లే అని లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 2012లో వచ్చిన సవరణ ఇంకో మంచి పని చేసింది. స్వరకర్తకి రావాల్సిన రాయల్టీలో వాటాని ముందే రాయించుకుని లాగేసుకోవడం కుదరదు. ఆ రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్‌ఎస్. పద్దెనిమిది నిండాక అందులో సభ్యత్వం తీసుకోమనండి. ఎవరితోనైనా కలిసి పాట చేస్తే, పాట బయటికి వెళ్లకముందే ఎవరి వాటా ఎంత శాతమో ఒక పేజీలో రాసుకుని అందరూ సంతకం పెట్టాలి. స్నేహితులైనా సరే. స్నేహితులైతే మరీ ముఖ్యం.

నెదర్లాండ్స్‌లో యంగ్‌కియో అనే కుర్రాడు ఆన్‌లైన్‌లో పెట్టిన బీట్‌ని అమెరికాలో ఒక కొత్త గాయకుడు 30 డాలర్లకు తీసుకున్నాడు. ఆ పాట 2019లో బిల్‌బోర్డ్ హాట్ 100 మొదటి స్థానంలో 19 వారాలు ఉంది. ఈ కథ మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది, బీట్లు చేసే పిల్లలందరికీ తెలుసు. వాళ్లు అంతగా పట్టించుకోని భాగం ఒకటుంది. ఆ బీట్‌లో వినిపించే బాంజో ముక్క నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బృందానిది. ముందుగా అనుమతి తీసుకోలేదు. చివరికి ఆ బృందంలోని ఇద్దరికీ పాటలో రచయితలుగా, ప్రొడ్యూసర్లుగా పేర్లు ఇవ్వాల్సి వచ్చింది. మనవాళ్లు పాత తెలుగు సినిమా పాట ముక్క తీసి బీట్‌లో పెట్టేస్తుంటారు. దానికి రెండు అనుమతులు కావాలి, రికార్డింగ్ ఎవరిదో వాళ్లది ఒకటి, బాణీ హక్కు ఎవరిదో వాళ్లది ఒకటి. అవి లేకుండా పెడితే పాట ఎంత ఆడినా డబ్బు మీవాడికి రాదు.

ఆ అవసరం కూడా లేదంటాను. మీరుండేది తెనాలి, నాటకాల ఊరు. పద్యనాటకాలకి హార్మోనియం వాయించిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు కదా. బుర్రకథ గుమ్మెట మోత, డప్పు దెబ్బ చుట్టుపక్కల ఊళ్లలో దొరుకుతాయి. ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి, గంటసేపు వాయించమని అడిగి, చేతిలో తగిన డబ్బు పెట్టి, వాడుకోవడానికి ఒక పేజీ అనుమతి రాయించుకుంటే, అమెరికాలో అట్లాంటా కుర్రాడికి దొరకని సౌండ్ మీవాడి దగ్గర ఉంటుంది. అందరూ వాడే రెడీమేడ్ లూప్స్‌తో (మళ్లీ మళ్లీ తిరిగే సంగీతం ముక్కలు) చేసిన బీట్‌కి, దీనికి తేడా వినగానే తెలుస్తుంది. నిజం చెప్పాలంటే ఈ పని ఎవరైనా బాగా చేస్తే వినాలని నాకే ఆశ.

ఇప్పుడు సామాను. లక్షా ఎనభై వేలు వద్దు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది. సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనివ్వండి, దొంగ కాపీతో వ్యాపారం మొదలుపెట్టనివ్వకండి. మంచి హెడ్‌ఫోన్స్, ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), ఒక మైకు. నలభై, యాభై వేలు దాటకూడదు. ప్రతిధ్వని వచ్చే మామూలు గదిలో పెద్ద స్పీకర్లు పెట్టినా ఉపయోగం లేదు. మాస్టర్ పీ కథ వాడికి చెప్పండి. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన ర్యాపర్. తాతగారు పోయాక వచ్చిన పరిహారంలో తన వాటా పదివేల డాలర్లతో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో పాటల క్యాసెట్లు, రికార్డులు అమ్మే కొట్టు పెట్టాడు. జనం ఏం అడుగుతున్నారో కౌంటర్ వెనక నిలబడి నేర్చుకున్నాడు. ఆ కొట్టు పేరు నో లిమిట్, అదే పేరు తర్వాత లేబుల్‌కి పెట్టాడు. 1990ల మధ్యలో పెద్ద పంపిణీ సంస్థతో ఒప్పందం చేసుకున్నప్పుడు కూడా రికార్డింగుల హక్కు వదులుకోలేదు. మీవాడు ఆదివారం పూట మీ గల్లాపెట్టె దగ్గర రెండు గంటలు కూర్చుంటే సంగీతానికి నష్టమేమీ జరగదు.

చదువు విషయంలో నా అభిప్రాయం: ఎంసెట్ రాయమనండి (ఇప్పుడు ఏపీఈఏపీసెట్ అంటున్నారు), కానీ బీటెక్కే కావాలని పట్టుబట్టకండి. సొంత లేబుల్ పెట్టాలనుకునేవాడికి బీకామ్ బాగా పనికొస్తుంది. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ ఎక్కడైనా సరే, సాయంత్రాలు తన చేతిలో ఉండే కాలేజీ చూడండి. లక్షలు పోసే సౌండ్ ఇంజనీరింగ్ కోర్సుకి ఇప్పుడే అప్పు చేయొద్దు. రెండేళ్ల తర్వాత వాడికి ఏది రాదో వాడికే తెలుస్తుంది, అప్పుడు చెన్నైలో రెహమాన్ గారి కేఎం కన్జర్వేటరీ లాంటి చోట చేరినా ఏం నేర్చుకోవాలో తెలిసి చేరతాడు.

మొదట్లో డబ్బు ఎక్కువగా వచ్చేది బీట్ల కంటే పనుల వల్ల. షార్ట్ ఫిల్ములకి నేపథ్య సంగీతం, ఊళ్లో షాపుల ప్రకటనలకి జింగిల్, వేరే ర్యాపర్ల పాటలకి మిక్సింగ్ (గొంతూ సంగీతమూ సరిగ్గా కలపడం). స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటకి ఏడాదిలో వెయ్యి స్ట్రీములు దాటకపోతే రికార్డింగ్ రాయల్టీ రానే రాదు. కాబట్టి వ్యూస్ లెక్క మీకు చూపిస్తే వినండి, మెచ్చుకోండి, కానీ దాన్ని ఆదాయం అనుకోవద్దు. మీ కొట్టులో వాడే లాంటి పద్దు పుస్తకం ఒకటి వాడి చేతికివ్వండి. వచ్చింది, పోయింది, ఎవరు బాకీ. నెలకోసారి ఇద్దరూ కూర్చుని చూడండి. డిగ్రీ రెండో సంవత్సరం అయ్యేసరికి, రెండోసారి, మూడోసారి తిరిగొచ్చిన బేరాలు ఎన్ని ఉన్నాయో చూసి అప్పుడు నిర్ణయించుకోండి. ఒక్కరూ తిరిగి రాకపోతే వాడికే అర్థమవుతుంది, మీరు గొడవ పడాల్సిన పని ఉండదు.

అమ్మగారికి చెప్పండి, పిల్లవాడు చెడు తిరుగుళ్లు తిరగడం లేదు, పని నేర్చుకుంటున్నాడు. పడుకునే వేళ మాత్రం మార్చాలి. రాత్రి పదకొండుకి హెడ్‌ఫోన్స్ తీయాలి, వాల్యూమ్ తగ్గించి వాడాలి. చెవి పాడైతే ఈ పనే లేదు. ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా వారానికి ఒక్క బీట్, అదీ పూర్తి చేయాలి. సగం చేసి వదిలేసినవి లెక్కలోకి రావు.

చివరిగా ఆ స్నేహితుడి అన్నయ్య ఖాతా. దాన్ని ఈ వారమే సరిచేయండి. మీవాడు మైనర్, వాడు పెట్టిన సంతకానికి చట్టంలో విలువ లేదు. పద్దెనిమిది నిండేదాకా ఒప్పందాల మీద సంరక్షకుడిగా మీరు సంతకం పెట్టాలి, డబ్బు మీ ఖాతాలోకి రావాలి. వాడి పేరుతో పాన్ కార్డు తీసుకోండి, మైనర్లకీ ఇస్తారు. సొంత నైపుణ్యంతో సంపాదించినది కాబట్టి దాన్ని మీ ఆదాయంలో కలపరు, వాడి లెక్కలోనే ఉంటుంది. ఆ అమెరికా ర్యాపర్‌కి బీట్ ఇచ్చినప్పుడు లీజా, ఎక్స్‌క్లూజివా, ఏం రాసిచ్చాడో అడగండి. కాగితం ఉంటే దాని కాపీ నాకు పంపండి, చదివి చెబుతాను. లేకపోతే అతనికి ఇవాళే మెయిల్ రాయించండి. ఆ మెయిల్ రాసేముందు ఒక్కసారి వాడి పక్కన కూర్చుని, ఆ హెడ్‌ఫోన్స్ మీరు పెట్టుకుని, 40 డాలర్లు పలికిన ఆ బీట్ మొదటి నుంచి చివరిదాకా వినండి.