లక్నవరంలో రెండు రోజులు: వంతెన, పడవ కాక చూడదగినవి ఏమిటి?

మీరు హైదరాబాదు నుంచి ఇద్దరు పిల్లలతోనూ, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితోనూ రెండు రోజులు లక్నవరం వెళ్లాలనుకుంటున్నామని, వేలాడే వంతెన, పడవ తప్ప అక్కడ ఇంకేమైనా ఉందా అని, రామప్ప గుడి, బొగత జలపాతం, మేడారం కూడా అదే ప్రయాణంలో చుట్టి రావచ్చా అని అడిగారు. నేను హనుమకొండలో ఉంటాను. మా ఇంటికి ఏ ఊరి బంధువులు వచ్చినా వారిని ఆ దారిన తిప్పి తీసుకురావడం చాలా ఏళ్లుగా నా బాధ్యతే కనుక, నా అనుభవం మేరకు చెబుతున్నాను.

ముందుగా గమనించవలసింది ఏమిటంటే, లక్నవరం విహారం కోసం తవ్వించిన సరస్సు కాదు. అది కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో, సాగునీటి కోసం కట్టిన చెరువు, నేటికీ ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని పొలాలకు నీరిస్తున్న చెరువు. గుట్టల మధ్య ఉన్న మూడు ఇరుకైన లోయలకు అడ్డంగా చిన్న చిన్న కట్టలు వేసి నీటిని ఆపారు, మిగిలిన హద్దంతా గుట్టలే. మైదానంలో మైలు పొడవున కట్ట పోయవలసిన పనిని గుట్టల చేత చేయించుకున్నారన్న మాట. ఇప్పుడు మీరు వంతెన మీదుగా నడిచి వెళ్లే దీవులు ఒకప్పటి గుట్టల కొసలు. ఈ సంగతి పిల్లలకు వంతెన ఎక్కక ముందే చెప్పండి. అప్పుడు వారు నీటి కింద లోయ ఎటు పోయిందో, మొదటి కట్ట ఎక్కడ ఉండి ఉంటుందో వెతకడం మొదలుపెడతారు. నేను తీసుకువెళ్లిన పిల్లల్లో చాలామందికి పడవ కంటే ఈ వెతుకులాటే ఎక్కువ నచ్చింది.

చెరువు సాగునీటిది కాబట్టి, ఎప్పుడు వెళ్లాలన్న ప్రశ్నకు సమాధానం క్యాలెండర్‌లోని సెలవులను బట్టి కాక నీటిని బట్టి ఉంటుంది. వానాకాలంలో నిండిన చెరువు యాసంగి (రబీ) వరికి నీళ్లు వదిలే కొద్దీ తగ్గుతూ వస్తుంది. మార్చి దాటాక వెళ్తే దీవుల చుట్టూ ఎర్రటి ఒడ్డు బయటపడి, కొన్ని చోట్ల పగుళ్లిచ్చిన బురద కనిపిస్తుంది, ఎండ కూడా తట్టుకోలేనంతగా ఉంటుంది. ఫొటోలు చూసి ఏప్రిల్‌లో వచ్చినవారు నిరాశపడడం నేను తరచుగా చూశాను. నా దృష్టిలో అక్టోబరు నుంచి జనవరి మధ్య వరకు సరైన కాలం; నీరు నిండుగా ఉంటుంది, అడవి పచ్చగా ఉంటుంది, ఉదయం పూట చలి ఉంటుంది. బయలుదేరే ముందు దినపత్రికల ములుగు జిల్లా పేజీ చూడండి. వానాకాలంలో లక్నవరం, రామప్ప చెరువుల నీటిమట్టాన్ని అడుగుల్లో రాస్తారు, మత్తడి పడితే, అంటే చెరువు నిండి అలుగు పొర్లితే, అదే పెద్ద వార్త.

మత్తడి దూకడం చూడాలని జూలై, ఆగస్టు నెలల్లో వచ్చేవారు కూడా ఎక్కువే. ఆ దృశ్యం బాగుంటుందనడంలో సందేహం లేదు. అయితే 2023 జూలై చివరి వారంలో ఇదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది, జంపన్న వాగు పొంగి కొండాయి గ్రామం మునిగింది, వెంకటాపురం వైపు ముత్యాలధార జలపాతం చూడటానికి వెళ్లిన పదుల మంది పర్యాటకులు అడవిలో చిక్కుకుపోతే రక్షణ బృందాలు వెళ్లి తీసుకురావలసి వచ్చింది. ఇక్కడి వాగులు గంటలో పొంగుతాయి. పెద్దావిడ, పిల్లలు వెంట ఉన్నప్పుడు ముసురు పట్టిన వారంలో ఈ అడవి దారులు వద్దనే అంటాను.

ఇక ప్రయాణం. ఉప్పల్ మీదుగా భువనగిరి, జనగామ, కాజీపేట, హనుమకొండ దాటి, అదే 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు చేరతారు. హైదరాబాదు నుంచి లక్నవరానికి మొత్తం 220 కిలోమీటర్ల వరకు ఉంటుంది. ములుగుకు కాస్త ముందు గట్టమ్మ గుడి దగ్గర వాహనాలన్నీ ఆగడం చూస్తారు. మేడారం వెళ్లేవారు ముందుగా ఆమెకు మొక్కి ముందుకు పోవడం ఆనవాయితీ. మీరు మేడారం వెళ్లకపోయినా అక్కడ ఆగి కాళ్లు సాచుకోవచ్చు, కొబ్బరికాయ కొట్టాలని అమ్మగారు ఎలాగూ అంటారు. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఒక దారి వెంకటాపూర్ మీదుగా రామప్పకు చీలుతుంది. రహదారి మీదే ముందుకు పోతే చల్వాయి, అక్కడ కుడివైపు బుస్సాపూర్ మీదుగా చెరువు. సొంత వాహనం లేకపోతే వరంగల్ లేదా కాజీపేట దాకా రైలులో వచ్చి, హనుమకొండ నుంచి ఏటూరునాగారం వైపు పోయే బస్సులో చల్వాయిలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి కూడా ఆ ఆటోనే ముందుగా మాట్లాడుకోవడం మంచిది, ఎందుకంటే సాయంత్రమయ్యాక చెరువు దగ్గర బండ్లు దొరకవు.

మొదటి రోజు నేరుగా చెరువుకు వెళ్లవద్దు. తెల్లవారుజామున బయలుదేరి ముందు రామప్ప చూడండి. మధ్యాహ్నం రాతి పరుపు మీద చెప్పులు లేకుండా నడవడం పిల్లలకే కష్టం, మోకాళ్ల నొప్పులున్నవారికి మరీ కష్టం కనుక పదకొండు లోపు చేరేలా చూసుకోండి, కుదరకపోతే నాలుగు దాటాక వెళ్లండి. గుడి ఎత్తైన నక్షత్రాకారపు అరుగు మీద ఉంటుంది. అమ్మగారు మెట్లెక్కలేకపోయినా కింద నుంచి చుట్టూ నడుస్తూ పునాది వరసలోని ఏనుగులను చూడవచ్చు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయానికి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత రద్దీ పెరిగింది కానీ, సోమవారాలు, కార్తీక మాసం, శివరాత్రి తప్పించుకుంటే ఇప్పటికీ తీరికగా చూడవచ్చు.

నీటిలో తేలే ఇటుకల గురించీ, ఇసుక పునాది గురించీ గైడు ఎలాగూ చెబుతారు. మీరు మాత్రం పైకప్పు అంచున, స్తంభాలకూ చూరుకూ మధ్య వాలుగా నిలిచిన మదనికలనే స్త్రీ శిల్పాల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. నల్లరాతిని ఎంత నునుపు చేశారంటే, ఎండ వాలుగా పడినప్పుడు ఆ మోచేతులు తడిసినట్లు మెరుస్తాయి. వారిలో వేటగత్తె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు ఉంటాయి, మా అమ్మాయి అది చూసి చాలాసేపు నమ్మలేదు. లోపలి స్తంభాల మీద చెక్కిన నగల పనిలో సూది మాత్రమే దూరే సన్నని సందులు ఉన్నాయి. ద్వారబంధం మీద వేణువు ఊదుతున్న కృష్ణుడి శిల్పాన్ని తడితే స్వరం పలుకుతుందని చూపించేవారు ఉంటారు, దయచేసి పిల్లల చేత తట్టించకండి. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన రాయి రోజుకు వందల వేళ్ల దెబ్బలకు అరిగిపోతుంది. నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసింది ఈ శిల్పాల భంగిమలను ఆధారం చేసుకునే. మీ పిల్లల్లో ఎవరైనా నృత్యం నేర్చుకుంటూ ఉంటే ఇది తప్పక చెప్పవలసిన విషయం.

గుడి నుంచి రామప్ప చెరువు కట్ట దగ్గరే. గుడి, చెరువు, ఊరు కలిపి నిర్మించడం కాకతీయుల పద్ధతి. ఆ పద్ధతి ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా నాకు కనిపించలేదు. కట్ట ఎక్కి ఒకవైపు నీటినీ, మరోవైపు దాని కింద పారే పొలాలనూ ఒకేసారి చూస్తే, మరుసటి రోజు లక్నవరంలో మీరు చూడబోయేది ఏమిటో ముందే అర్థమవుతుంది. ఒక హెచ్చరిక: గుడి ఆవరణలోనూ కట్ట మీదా కోతులు ఎక్కువ. చేతిలో అరటిపండ్ల సంచి పట్టుకుని నడవవద్దు.

సాయంత్రానికి లక్నవరం చేరండి. రామప్ప నుంచి గంట లోపు ప్రయాణం. రాత్రి బస అక్కడే పెట్టుకోవాలన్నది నా గట్టి సలహా, ఎందుకంటే పగటిపూట వచ్చి పోయేవారి గోల ఆరు దాటాక తగ్గిపోయి, మరుసటి ఉదయం తొమ్మిది దాకా చెరువు మీకే ఉంటుంది. పర్యాటక సంస్థ వారి హరిత బసతో పాటు దీవుల మీద కూడా వసతులు ఉన్నాయి. శని, ఆదివారాల్లో, దసరా, సంక్రాంతి సెలవుల్లో ముందుగా గదులు తీసుకోకుండా వెళ్లవద్దు. అమ్మగారి కోసం వంతెన దాటనవసరం లేని గది అడగండి. వంతెన మీద నడక ఆమెకు ఇబ్బంది కాదు, మెట్లు తక్కువే; కానీ జనం ఎక్కువైనప్పుడు, ముఖ్యంగా కుర్రవాళ్లు కావాలని ఊపినప్పుడు, అడుగు కింద పలక కదులుతుంది, పెద్దవారికి అది భయమే. ఉదయం ఏడు లోపు తీసుకువెళ్తే కమ్మీ పట్టుకుని నిదానంగా దాటగలరు.

ఆ ఉదయం వేళనే నేను అన్నిటికంటే ఎక్కువ ఇష్టపడతాను. చలికాలంలో నీటి మీద మంచు పొర తేలుతూ ఉంటుంది. ఎండిన మోడుల మీద నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటూ కదలకుండా కూర్చుంటాయి. పిల్లల దగ్గర ఒక దుర్భిణి ఉంటే లకుముకి పిట్ట నీటిలోకి దూకి చేపను ముక్కున కరుచుకుని అదే కొమ్మ మీదికి తిరిగి రావడం, ఆ చేపను కొమ్మకేసి కొట్టి తలవైపు నుంచి మింగడం పూర్తిగా చూడవచ్చు. జాలరులు రాత్రి వేసిన వలలను ఆ వేళకే తీస్తారు. వల నుంచి ఒక్కొక్క చేపనూ విడదీసే తీరు నిలబడి చూడదగినది. మొప్పల దగ్గర చిక్కిన పోగును చిటికెన వేలితో తప్పించి, తల ముందుకు వచ్చేలా నెట్టేస్తారు, పొలుసు ఊడదు. బొచ్చె, రవ్వ లాంటి చేపలు అప్పుడే కొనుక్కుని, వండిపెట్టే చోటు ముందు రోజు రాత్రే మాట్లాడుకుంటే మధ్యాహ్నం భోజనం సంగతి తేలిపోతుంది.

పడవ విషయం క్లుప్తంగా చెబుతాను. స్పీడు బోటు ఐదు పది నిమిషాల సరదా. పెద్ద పడవలో గుట్టల మధ్య మలుపులు తిరిగి వచ్చేది ఎక్కండి, అమ్మగారు కూడా కూర్చోగలరు. లైఫ్ జాకెట్ల పట్టీలు పిల్లల కొలతకు బిగించాకే పడవ కదలనివ్వండి. నీటిలోకి మాత్రం ఎవరూ దిగవద్దు. ఇది లోయను నింపిన చెరువు కనుక ఒడ్డు నుంచి నాలుగడుగులు వేయగానే లోతు ఒక్కసారిగా పెరగవచ్చు, అడుగున శతాబ్దాల ఒండ్రు ఉంది. ఈత వచ్చినవారు కూడా బురదలో కాలు దిగబడితే చేయగలిగింది తక్కువ.

రెండో రోజు టిఫిన్ అయ్యాక కట్ట వైపు వెళ్లి తూము చూడండి. నీళ్లు వదిలిన రోజుల్లో అయితే కాలువ వెంట కాస్త దూరం నడిస్తే బుస్సాపూర్ వైపు వరి మళ్లు వస్తాయి. పర్యాటకులు ఇటు రారు. డిసెంబరు, జనవరిలో నారు మడి దగ్గర ఆడవాళ్లు నాట్లకు సిద్ధమవుతూ కనిపిస్తారు. పలకరిస్తే పలుకుతారు, అడగకుండా ఫొటో తీస్తే నొచ్చుకుంటారు. అటవీ శాఖ అనుమతి లేకుండా చెరువు వెనక అడవిలోకి నడిచి పోవడం మాత్రం చేయవద్దు.

బొగత, మేడారం గురించి. బొగత జలపాతం వాజేడు మండలంలో, గోదావరి దాటాక ఉంది. లక్నవరం నుంచి పోయి రావడానికే సగం రోజు పోతుంది, వానలు తగ్గాక నీటి జోరు తగ్గిపోతుంది. అక్టోబరులో వెళ్తే మూడో రోజు కలుపుకోండి, జనవరిలో అయితే వదిలేయండి. మేడారంలోని సమ్మక్క సారలమ్మ గద్దెలు పస్రా లేదా తాడ్వాయి మీదుగా దగ్గరే, జాతర లేని రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది, అమ్మగారు ఎత్తు బెల్లం (తన బరువుకు తూగే బెల్లం) సమర్పించాలనుకుంటే రెండో రోజు మధ్యాహ్నం వెళ్లి రావచ్చు. ఆ దారిలో, తాడ్వాయి అడవిలో, 2024 ఆగస్టు చివర వీచిన ఈదురు గాలికి వేల చెట్లు కూలిన చోటు వస్తుంది. పాకాల చెరువును మాత్రం ఇందులో ఇరికించవద్దు. దానికి నర్సంపేట మీదుగా వేరే రోజు పెట్టుకోవాలి.

చేతిలో కొంత నగదు ఉంచుకోండి, అడవి దారిలో కొన్ని చోట్ల ఫోను అందదు. సాయంత్రాలకు పొడవు చేతుల చొక్కాలు, దోమల మందు తప్పనిసరి. రెండేళ్లకొకసారి మాఘ మాసంలో సమ్మక్క సారలమ్మ జాతర వస్తుంది. 2024లో, 2026లో జరిగింది కనుక తర్వాతిది 2028లో. ఆ ఏడాది జాతరకు నెల రోజుల ముందు నుంచే ములుగు దారి బండ్లతో నిండిపోతుంది, లక్నవరంలో గదులు దొరకవు. మొక్కు లేనివారు ఆ రోజుల్లో ఇటు రాకపోవడమే మేలు.