డ్రోన్లొచ్చినా బాయ్‌నెట్ ట్రైనింగ్ ఉందా? ఉంది, కానీ మీరనుకునే పనికి కాదు

ప్రశ్న ఏంటంటే, డ్రోన్లు మిస్సైళ్ళు వచ్చేసిన ఈ రోజుల్లో కూడా ఆర్మీలో తుపాకీ చివర బాయ్‌నెట్ అనే కత్తి బిగించి పొడవడం నేర్పిస్తున్నారా, లేకపోతే అది పరేడ్‌లో తళతళ మెరవడానికేనా అని. దానికి తోడు "మీరెప్పుడైనా నిజంగా వాడారా" అని కూడా అడిగారు.

నేర్పిస్తారండి. నాకు నేర్పారు, నా తర్వాత యూనిట్‌కి వచ్చిన పిల్లలు కూడా నేర్చుకునే వచ్చారు. నేను మద్రాస్ రెజిమెంట్, పక్కా ఇన్‌ఫాంట్రీ, అంటే నేలమీద ఎదురెదురుగా పోరాడే కాల్బలం, ట్రైనింగ్ అంతా కూనూరు పక్కన వెల్లింగ్టన్‌లో. అప్పటికి పాత ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ పోయి ఇన్సాస్ రైఫిల్ వచ్చేసింది. ఇన్‌ఫాంట్రీ అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే ఆర్మీ మొత్తం ఒకటి కాదు, సిగ్నల్స్‌లోనో, సరుకులు చేరవేసే ఏఎస్‌సీలోనో చేసిన మా ఊరివాళ్ళని అడిగితే "ఏదో నాలుగు పీరియడ్లు చేయించారు, అంతే" అంటారు, మా దగ్గర అలా వదలరు. నిజంగా వాడారా అంటే, లేదు. ఎవర్నీ పొడవలేదు. నాకు తెలిసిన మా బ్యాచ్‌వాళ్ళలో కూడా ఎవరూ పొడవలేదు. గోనె సంచుల్ని మాత్రం లెక్కలేనన్ని.

ఆ పీరియడ్ ఎలా ఉంటుందో చెప్తాను, సినిమాల్లో చూపించేది వేరు. పొద్దున్నే కోత్, అంటే ఆయుధాల గది దగ్గర లైన్లో నిలబడి రైఫిల్‌తో పాటు బాయ్‌నెట్ కూడా తీసుకోవాలి, దానికీ లెక్క ఉంటుంది, తిరిగిచ్చేటప్పుడు ఒక్కటి తగ్గిందంటే అది దొరికేదాకా కంపెనీ మొత్తం గ్రౌండ్‌లో గడ్డి దువ్వాల్సిందే, అన్నం లేదు నిద్ర లేదు. గ్రౌండ్‌లో గోనె సంచుల్లో ఎండుగడ్డి కుక్కి చేసిన బొమ్మలుంటాయి, కొన్ని చెక్క ఫ్రేములకి వేలాడేసి, కొన్ని నేలమీద పడుకోబెట్టి. ఆ కొండల్లో పొద్దున పూట మంచు పట్టి ఆ గడ్డంతా తడిసి బరువెక్కిపోయి ఉంటుంది. ఆన్ గార్డ్ అనగానే ఎడమ కాలు ముందుకి, మోకాళ్ళు కొంచెం వంచి, రైఫిల్ వెనక భాగం, అంటే బట్, కుడి నడుం దగ్గర, మొన ఎదుటోడి గొంతు ఎత్తున ఉండాలి. పాయింట్ అంటే పొడవడం, విత్‌డ్రా అంటే లాగడం, పారీ అంటే వాడి రైఫిల్‌ని మన రైఫిల్‌తో పక్కకి కొట్టడం, అది అయ్యాక బట్‌తో మొహం మీద ఒకటి. వినడానికి ఇంతే. ఇద్దరిద్దరు ఎదురెదురుగా చేసేటప్పుడు తొడుగు తియ్యనివ్వరు, బొమ్మల దగ్గరకి వెళ్ళినప్పుడే తియ్యాలి.

మొదట్లో అందరం చేతుల బలంతో పొడిచేవాళ్ళం, రెండు మూడు దెబ్బలకే మణికట్లు పట్టేసేవి. బలం వెనక కాలి నుంచి రావాలి, ఒళ్ళంతా కత్తి వెనక వెళ్ళాలి. ఇంకోటి ఎవరూ చెప్పనిది, పొడవడం కంటే లాగడం కష్టం. తడి గోనెలో దిగబడిన బ్లేడు అంత తేలిగ్గా రాదు, నువ్వు లాగుతుంటే సంచి కూడా నీతో పాటు వచ్చేస్తుంది, ఈలోపు ఉస్తాద్, అంటే ట్రైనింగ్ ఇచ్చేవాడు, "పక్కన ఇంకొకడున్నాడు, వాడు నిన్ను చూస్తూ నిలబడతాడా" అని మొదలెడతాడు. అందుకే నేలమీద బొమ్మ అయితే కాలు దాని మీద వేసి తిన్నగా వెనక్కి లాగాలి. కొన్ని బాయ్‌నెట్ల బ్లేడు మీద గాడి ఉంటుంది చూడండి, అది రక్తం కారిపోవడానికి అని ప్రతి బ్యారక్‌లో ఒక మేధావి చెప్తాడు, అదేం కాదు, బ్లేడు బలం పోకుండా బరువు తగ్గించడానికి పెట్టింది.

మా స్క్వాడ్‌లో పాలకొండ వైపు కుర్రాడు ఒకడుండేవాడు, రన్నింగ్‌లో అందరికంటే ముందు, మాటకి మాత్రం నోరు పెగలదు. వాడు బొమ్మ దాకా గుర్రంలా పరిగెత్తుకెళ్ళి, కుడుము ఉడికిందో లేదో పుల్లతో గుచ్చి చూసినట్టు పొడిచేవాడు. ఉస్తాద్ వాడి రైఫిల్ తీసుకుని పక్కన పెట్టించి, ఉత్త చేతులతో కొండకి ఎదురుగా నిలబెట్టి, వీర మద్రాసీ అడి కొల్లు అడి కొల్లు అని ఒక్కడిచేతే అరిపించేవాడు. అది మా రెజిమెంట్ వార్ క్రై, కొట్టు చంపు అని. తమిళోళ్ళు మలయాళీలు కన్నడిగులు మనోళ్ళు అందరూ అదే అరవాలి. కొన్నాళ్ళకి వాడు లంగర్‌లో, అంటే మా వంటశాలలో, గొంతు పోయి సైగలతో అన్నం అడిగే స్థితికొచ్చాడు, కానీ బొమ్మ మీదకి వెళ్తుంటే పక్కన పరిగెత్తే మాకే భయమేసేది. నా ఉద్దేశంలో ఆ పీరియడ్ ఉన్నదే అందుకు. ఇళ్ళలో చిన్నప్పట్నుంచి ఎవర్నీ కొట్టకు, గొడవలకి పోకు అని పెంచుతారు కదా, అలా పెరిగిన పద్దెనిమిది పందొమ్మిదేళ్ళ పిల్లోడు ఎదురుగా మనిషి కనిపిస్తుంటే ఆగకుండా వాడి మీదకి వెళ్ళాలి, ఆ ఆఖరి పది గజాలు దాటాలి. రైఫిల్ పేల్చడం వేరు, అది దూరం నుంచి పని. దగ్గరికెళ్ళడం వేరే విద్య, దానికి బాయ్‌నెట్ ఒక వంక.

చరిత్ర చూసినా ఇదే కనపడుతుంది. అమెరికా అంతర్యుద్ధంలో, అంటే 1861 నుంచి 65 దాకా, ఇన్‌ఫాంట్రీ తుపాకులకి బాయ్‌నెట్లు ఉన్నా గాయాల్లో బాయ్‌నెట్ గాయాలు నూటికి ఒకటి కూడా లేవు. ఎందుకంటే చాలాసార్లు అది తగిలేదాకా ఎవరూ ఆగరు, మెరిసే మొనలు వరసగా మీదకి వస్తుంటే ఎవరో ఒక పక్షం ముందే పారిపోతుంది. అంటే దాని పని పొడవడం కంటే భయపెట్టడం ఎక్కువ.

అలాగని ఎప్పుడూ దిగలేదనుకోకండి. 1962 అక్టోబర్ 23న తవాంగ్ వైపు బూమ్ లా దగ్గర సుబేదార్ జోగీందర్ సింగ్ ప్లాటూన్ చైనావాళ్ళ దాడులు ఒకదాని తర్వాత ఒకటి తట్టుకుని, సగం మంది పోయి, తూటాలు అయిపోయాక, మిగిలినవాళ్ళు బాయ్‌నెట్లు బిగించి మీదకి వెళ్ళారు. ఆయన గాయాలతో పట్టుబడి వాళ్ళ చెరలోనే పోయారు, పరమవీర చక్ర ఇచ్చారు. 1971 డిసెంబర్‌లో అగర్తలా అవతల గంగాసాగర్‌లో లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా, మనవాళ్ళని కోసేస్తున్న ఎల్‌ఎంజీ (లైట్ మెషిన్ గన్) బంకర్ మీదకి ఒక్కడే ఉరికి ఇద్దర్ని బాయ్‌నెట్‌తో పొడిచి దాన్ని ఆపేశాడు, ఆయనకీ పరమవీర చక్రే, ఆయనా తిరిగి రాలేదు. ఈ రెండు కథలూ మాకు ట్రైనింగ్‌లో ఎన్నిసార్లు చెప్పారో. గమనిస్తే ఒకచోట తూటాలు లేవు, ఇంకోచోట దూరం లేదు. ఈ రెండు పరిస్థితుల్లోనే దాని అవసరం పడుతుంది.

ఇది పాత కాలం అంటారేమో, 2004 మే నెలలో ఇరాక్‌లో అల్ అమారా దగ్గర బ్రిటిష్ సైనికులు మెరుపుదాడిలో ఇరుక్కుని బాయ్‌నెట్లు బిగించి కందకాల మీదకి వెళ్ళారు, డానీ బాయ్ అనే చెక్‌పోస్ట్ పేరుతో ఆ పోరాటం ప్రసిద్ధి. వాళ్ళు ఇప్పటికీ బాయ్‌నెట్ ట్రైనింగ్ మానలేదు. అమెరికన్ ఆర్మీ మాత్రం 2010లో బేసిక్ ట్రైనింగ్ నుంచి ఆ కోర్స్ తీసేసింది. వాళ్ళ ఆర్మీలో చివరిగా పేరుపడ్డ బాయ్‌నెట్ ఛార్జ్ 1951లో కొరియాలో, కెప్టెన్ లూయిస్ మిల్లెట్ చేయించింది, అప్పట్నుంచి తీసేసేదాకా దాదాపు అరవయ్యేళ్ళు లాగారన్నమాట. అదే దేశంలో మెరీన్స్ అనే వేరే దళం మాత్రం ఇంకా చేయిస్తున్నారు. కాబట్టి "ప్రపంచమంతా మానేసింది, మనోళ్ళే పట్టుకుని వేలాడుతున్నారు" అనే వాదన నిలబడదు, "అందరూ చేస్తున్నారు" అన్నదీ నిలబడదు.

తీసేసినవాళ్ళ వాదన కూడా తప్పని నేననను. ఎస్‌ఎల్‌ఆర్ పొడుగ్గా ఉండేది, దానికి బాయ్‌నెట్ బిగిస్తే చేతిలో ఒక ఈటె ఉన్నట్టే లెక్క. రైఫిళ్ళు పొట్టివయ్యేకొద్దీ, పైన సైట్లు కింద గ్రిప్పులు తగిలించేకొద్దీ అంత దూరం అందే వీలు పోతుంది. బారెల్ చివర బరువు పడితే తూటా పడే చోటు కూడా కొంచెం మారుతుంది, రేంజ్‌లో బిగించి కాల్చినవాళ్ళకి తెలుసు. కాశ్మీర్‌లో మిలిటెంట్లతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్‌లో ఉన్నప్పుడు అయితే నా చేతిలో ఏకే, బాయ్‌నెట్ ఊసే లేదు, ఆ ఇళ్ళలో ఇరుకు మెట్ల మీద అంత పొడుగు పట్టుకుని తిరగడం కూడా కుదరదు. యూనిట్‌లో ఉన్నన్నాళ్ళూ బాయ్‌నెట్ బయటికి తీసింది ఎక్కువగా యూనిట్ గేటు దగ్గరుండే క్వార్టర్ గార్డ్ కాపలా డ్యూటీకి, మెరిసేలా తుడవడానికీ. ఇది కూడా ఒప్పుకోవాలి కదా.

ఇక లడఖ్‌లో చైనావాళ్ళతో జరిగిన గల్వాన్ సంగతి, ఇది ఎవరో ఒకరు తీసుకొస్తారు కాబట్టి నేనే చెప్తాను. 2020 జూన్ 15 రాత్రి 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్, మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారితో కలిపి 20 మంది పోయారు. రైఫిళ్ళు లేక కాదు, వాళ్ళ దగ్గర ఉన్నాయి, ఎల్‌ఏసీకి, అంటే చైనాతో ఉన్న వాస్తవాధీన రేఖకి, రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని 1996 ఒప్పందం ఉంది, అందుకని రాళ్ళు, రాడ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలతో ఆ చలిలో ఆ నది పక్కన అర్ధరాత్రి కొట్టుకున్నారు. ఆ తర్వాత సెప్టెంబర్ 7న పాంగాంగ్ సరస్సు దక్షిణం వైపు గాల్లోకి తూటాలు పేలితే, 1975 తర్వాత ఆ సరిహద్దులో తుపాకీ పేలడం అదే మొదటిసారి అని అప్పట్లో వార్తల్లో వచ్చింది. చాలామంది గల్వాన్‌ని చూపించి "చూశారా, అందుకే బాయ్‌నెట్ కావాలి" అంటారు. నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. అక్కడ పనిచేసింది బాయ్‌నెట్ కాదు, చేతులతో కర్రలతో చేసిన పోరాటం, ప్రతి ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌లో దాడి కోసం ఉండే ఘాతక్ ప్లాటూన్ లాంటివాళ్ళ తెగువ. కానీ మనిషి మొహంలో మొహం పెట్టి కొట్టుకునే రోజు పోయిందని అనుకున్నవాళ్ళ నోరు మాత్రం ఆ రాత్రి మూయించింది. మిగతా దేశాల సంగతేమో గానీ, తుపాకీ ఉండి కూడా కాల్చకూడని సరిహద్దు మనకుంది, ఆ లెక్కన దగ్గరి పోరాటం మనం అమెరికావాళ్ళని చూసి తీసెయ్యడం తెలివైన పని కాదు.

నన్నడిగితే, రిక్రూట్‌కి దగ్గరి పోరాటానికి ఎంత టైం ఉందో అందులో బాయ్‌నెట్‌కి చిన్న వాటా ఇచ్చి, ఎక్కువ భాగం చేతులతో, కర్రతో, రైఫిల్ బట్‌తో కొట్టుకోవడానికి ఇవ్వాలి. మా ఉస్తాద్ ఇది చదివితే నన్ను గ్రౌండ్ చుట్టూ ఫ్రంట్ రోల్ కొట్టిస్తాడు, అయినా నా అభిప్రాయం ఇదే. ఒకటి మాత్రం, పూర్తిగా తీసెయ్యమంటే నేను ఒప్పుకోను, అరుస్తూ పరిగెత్తడం ఇంకే పీరియడ్‌లోనూ అంత బాగా రాదు.

అగ్నివీర్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్ళు కూడా ఈ ప్రశ్న చూస్తున్నట్టున్నారు. మా మేనల్లుడొకడు ఇలాగే ఫోన్లో బాయ్‌నెట్ వీడియోలు చూసి ఇంట్లో చీపురు కర్రతో ప్రాక్టీస్ చేస్తున్నాడు, వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి తిట్టింది. వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నా, ర్యాలీలో ఎవరూ బాయ్‌నెట్ అడగరు, 1600 మీటర్ల రన్నింగ్ అడుగుతారు, పుల్ అప్స్ అడుగుతారు. పొడవడం సెలెక్ట్ అయ్యాక ఉస్తాదులు నేర్పుతారు, ముందే తప్పుగా అలవాటు చేసుకుంటే అది మాన్పించడానికి వాళ్ళు ఇంకో నాలుగు రోజులు ఎక్కువ రగడా, అంటే ఒళ్ళు హూనమయ్యే శిక్ష, ఇస్తారు.